నీళ్ల సీసా అనే పిల్ల

మా స్కూల్లో బాత్రూముకు వెళ్లాలంటే మెడలో బిళ్ల వేసుకోవాలి. అరచెయ్యంత చెక్క బిళ్ల, దానికో తాడు. క్లాసుకు రెండే ఇచ్చారు, ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి. క్లాసులో ఉండేది నలభై ఎనిమిది మంది. బిళ్ల తలుపు పక్కన మేకుకు వేలాడుతుంటేనే లేవాలి. వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా మిగతావాళ్లు కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చోవాలి. పిల్లలు బాత్రూముల్లో చేరి కబుర్లు చెప్పుకుంటున్నారని ప్రిన్సిపాల్ కనిపెట్టిన మందు ఇది. నోటీసులో మాత్రం దీని పేరు సమయపాలన. ఆ నోటీసు చదివినప్పుడల్లా నాకు నోరు కడుక్కోవాలనిపించేది.

నేను అక్కడ లైబ్రేరియన్ని. పద్నాలుగేళ్లుగా పిల్లల్ని ‘ఉష్’ అంటూ ఉంటే వాళ్లు నాకు ఉష్ మేడమ్ అని పేరు పెట్టారు. మా ఉద్యోగంలో పని తక్కువ, చూపు ఎక్కువ. బిళ్లలొచ్చిన నెలలోపే నేనొకటి గమనించాను. పొద్దున బ్యాగు పక్కజేబుల్లో నిండుగా వచ్చిన నీళ్ల సీసాలు సాయంత్రం నిండుగానే ఇంటికి పోతున్నాయి. పిల్లలు నీళ్లు తాగడం మానేశారు. స్టాఫ్ రూములో ఈ మాట ఎత్తితే లెక్కల సార్ “మంచిదే కదండీ, బిళ్ల అవసరం తగ్గింది” అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వబోయాను. ఆయన నవ్వట్లేదు.

పిల్లలకు ఆన్‌లైన్‌లో ఒక అడ్డా ఉండేది. పేరు ‘చివరి బెంచీ’. ఎప్పుడో చదువు ముగించి వెళ్లిపోయిన కుర్రాడెవడో తయారుచేసి వదిలిపెట్టాడు. అందులో ఎవరూ సొంత పేరుతో రాయరు. ‘గోడగడియారం’ అని ఒకరు, ‘రబ్బరు ముక్క’ అని ఒకరు, ఇలా ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకుని మాట్లాడుకుంటారు. ఎక్కువగా మా మీద జోకులే. నా చెప్పుల చప్పుడు గురించి ఒకడు నాలుగు పేరాలు రాశాడు. బాగా రాశాడు కూడా, వెధవ. నేను లైబ్రరీ కంప్యూటర్లో చదువుకుని లోలోపల నవ్వుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

ఆ నవ్వులన్నీ ఒక మంగళవారంతో ఆగిపోయాయి. ఆరోజు ‘ఎవరో ఒకరు’ అనే పేరుతో ఇలా ఉంది: “ఇవాళ పదో తరగతిలో ఒకమ్మాయి మూడుసార్లు బిళ్ల అడిగింది. బిళ్ల బయటుంది, కూర్చో అన్నారు. నాలుగోసారి అడగలేదు. అడగాల్సిన అవసరం తీరిపోయింది. సార్ బోర్డు మీద లెక్క ఆపలేదు. చుట్టుపక్కలవాళ్లు పాదాలు పైకెత్తుకున్నారు. ఆ అమ్మాయే తన నోట్‌బుక్కులో కాగితాలు చింపి నేల తుడిచింది.”

అంతే. తిట్టు లేదు, శాపనార్థం లేదు. దాని కింద మర్నాటికల్లా మూడు వందల మంది రాశారు. తల్లిదండ్రుల ఫోన్లకూ పాకింది. కొందరు ఆఫీసుకు ఫోన్ చేసి అడిగారు కూడా.

ఆ అమ్మాయి ఎవరో స్టాఫందరికీ తెలుసు. మా ఆయా కూతురు. తల్లి బాత్రూములు కడుగుతుంది, పొద్దున్నే వచ్చి గదులు తెరుస్తుంది. కూతురు తల్లితో పాటే వచ్చి, బెల్లు కొట్టేదాకా నా లైబ్రరీ మెట్ల మీద కూర్చుని చదువుకునేది. మంగళవారం తర్వాత ఆ పిల్ల స్కూలుకు రాలేదు. మరి మూడు నెలల్లో పబ్లిక్ పరీక్ష.

ప్రిన్సిపాల్ నన్ను తన గదికి పిలిచాడు. ఆయన గొంతు ఎప్పుడూ పైకి లేవదు. బల్ల మీద చేతులకు రాసుకునే శానిటైజర్ సీసా ఉంటుంది, ఎవరితో మాట్లాడినా ఒకసారి నొక్కి, అరచేతులు రుద్దుకుంటూ వింటాడు. ఆ పిల్ల సంగతి అడుగుతాడనుకున్నాను, బిళ్లలు తీసేస్తాననైనా అంటాడనుకున్నాను. నా వెర్రి కాకపోతే.

“ఇది ఎవరు రాశారో తేలాలి మేడమ్. మన స్కూలు కుటుంబం పరువు బజారున పడింది.”

“జరిగింది నిజమే కదండీ?”

“జరగడం వేరు, రాయడం వేరు. ఆ పిల్లకు నోరెక్కడిది, పక్కన కూర్చున్నవాళ్లెవరో రాసుంటారు. పిల్లలకు మీరంటే భయం లేదు. మీరు కూడా అందులో ఒక స్టూడెంటు పేరుతో చేరండి. వాళ్లలా మాట్లాడండి. నాలుగు రోజులు పోతే వాళ్లే బయటపడతారు.” చేతులు రుద్దుకుని చిన్నగా నవ్వాడు. “మీరు చక్కగా రాస్తారని విన్నాను. అందుకే మీకొక్కరికే చెబుతున్నా.”

మధ్యలో లేచి గదికి ఆనుకుని ఉన్న తన సొంత బాత్రూములోకి వెళ్లాడు. లోపల నీళ్ల చప్పుడవుతుంటే నేను బయట కుర్చీలో కూర్చుని విన్నాను. అప్పుడైనా లేచి రావలసింది. ఆయన బయటికొచ్చేసరికి నేను “సరే సార్” అన్నాను.

ఎందుకన్నానో చెప్పేస్తాను, ఇక దాచి లాభం లేదు. ఉద్యోగ భయం కొంత ఉంది. కానీ ఎక్కువగా ఆ ‘చక్కగా రాస్తారు’ అన్న మాటకు పడిపోయాను. ఇరవై ఏళ్లుగా డైరీలు నింపుతున్నదాన్ని, ఒక్కరూ చదివి ఎరగరు. పొగడ్తకు లొంగని మనిషినని నన్ను గురించి నేనే గొప్పలు పోయేదాన్ని, అదంతా ఉత్తదే.

‘నీళ్ల సీసా’ అని పేరు పెట్టుకుని చేరాను. పిల్లలు నిండు సీసాలు ఇంటికి మోసుకుపోవడం గురించి మొదటి రోజే రాశాను. గంటలో నూట యాభై మంది మెచ్చుకున్నారు. “నువ్వు ఏ క్లాసు?”, “భలే రాశావు” అని ఒకటే పొగడ్తలు. నలభై ఆరేళ్ల ముసలి పీనుగను, పదిహేనేళ్ల పిల్లలు మెచ్చుకుంటుంటే ఉబ్బిపోయాను. గూఢచారినన్న సంగతి సగం మర్చిపోయాను.

మూడో రోజు ‘ఎవరో ఒకరు’ నాకు విడిగా రాసింది. ఆ అడ్డాలో మిగతావాళ్లకు కనిపించకుండా ఇద్దరు రాసుకోవచ్చు.

“నీకు ఇంతగా ఎలా తెలుసు? నీకూ అలా అయిందా?”

నేను ఒక్క క్షణం ఆలోచించానంతే. “అయింది,” అని రాశాను. “ఏడో తరగతిలో. వారం రోజులు కడుపునొప్పి అని ఇంట్లో పడుకున్నాను. తర్వాత వెళ్లాను. రెండు రోజులు నవ్వారు. మూడో రోజు ఇంకో సంగతి దొరికింది వాళ్లకి. నన్ను మర్చిపోయారు.”

ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఏడో తరగతిలో నాకు ఏమీ జరగలేదు. అవతలివాళ్ల నోరు తెరిపించడానికి కూర్చుని అల్లిన కథ. ‘మూడో రోజు’ అన్న చోట బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

చాలాసేపటికి జవాబు వచ్చింది. “ఆ అమ్మాయి నేనే. అమ్మకు చెప్పలేదు. బట్టలు నేనే ఉతుక్కున్నా. ఇక స్కూలుకు వెళ్లకూడదనుకున్నా. నువ్వు వెళ్లావు కాబట్టి రేపు వెళ్తాను.”

మర్నాడు ఆ పిల్ల వచ్చింది. లైబ్రరీ మెట్ల మీద ఎప్పటి చోటనే కూర్చుంది. నేను తాళం తీస్తూ “ఒంట్లో బాగుందా?” అన్నాను. “బాగుంది మేడమ్” అని తల దించుకుంది. పోస్టు రాసింది కూడా ఈ పిల్లే అని నాకప్పుడు తెలుసు, ప్రిన్సిపాల్‌కు తెలియదు. చెప్పకూడదనుకున్నాను. చెప్పలేదు కూడా. నా ఖాతాలో ఏదైనా మంచి ఉందంటే అదొక్కటే.

కానీ అక్కడితో ఆ పేరు చెరిపేసి బయటికి వచ్చానా? రాలేదు. పొగడ్త మరిగాను. ప్రిన్సిపాల్ రోజూ “ఏమైంది మేడమ్?” అని అడుగుతుంటే, ఎవరి మీదికో మళ్లించడానికి ‘మూడో నంబరు’ అనే పేరును చూపించాను. వాడు ప్రతి పోస్టు కిందా “మాటలెందుకు, అందరం కలిసి ఏదో ఒకటి చేద్దాం, ఎవరెవరు వస్తారో చెప్పండి” అని రెచ్చగొడుతుండేవాడు. వాడి మాటల పట్టీ ప్రింటు తీసి ఇచ్చాను. అదే వేడిలో ఒకరోజు నాకూ ఒళ్లు మండి, “అన్ని క్లాసుల బిళ్లలూ తీసి ఆయన గుమ్మం ముందు పోస్తే తెలుస్తుంది” అని రాసేశాను. నాలుగు వందల మంది మెచ్చుకున్నారు. మూడో నంబరు అందరికంటే ముందు “శభాష్, నేను రెడీ” అన్నాడు.

తెల్లారి ప్రిన్సిపాల్ గది ముందు ఇరవై ఎనిమిది బిళ్లలు కుప్పగా పడి ఉన్నాయి.

ఆరోజే క్రమశిక్షణ కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ప్రిన్సిపాల్, కంప్యూటర్ సార్, లెక్కల సార్, నేను. ముగ్గురం తలా ఒక ఫైలు పట్టుకుని వచ్చాం. ఎదుటివాళ్ల చేతుల్లో ఫైలు చూసి ఎవరికి వాళ్లం కాస్త ఆశ్చర్యపోయాం.

కంప్యూటర్ సార్ మొదలుపెట్టాడు. నలభై పేజీల ప్రింటు తీశాడు, అక్కడక్కడా పసుపు రంగు పూశాడు. “మూలం దొరికింది సార్. నీళ్ల సీసా. ఆడపిల్లే. బాగా చదివే రకం, తొమ్మిదో పదో తరగతి. ఈ పిల్ల పేరు లాగడానికి నేను రబ్బరు ముక్క అని వారం రోజులు స్నేహం చేశా. ఘటికురాలు, చిక్కలేదు.”

లెక్కల సార్ ముఖం మాడిపోయింది. “రబ్బరు ముక్క మీరా? వాణ్ని పట్టుకుందామని నేను నిద్ర మానుకుని రాస్తున్నానండీ. నా ఫైలంతా వాడిమీదే.”

“మీరు ఏ పేరు?” అన్నాను, సంగతి అర్థమవుతూనే.

“మూడో నంబరు.”

నేను నా ఫైలు బల్ల మీద పెట్టి నెమ్మదిగా ఆయన ముందుకు తోశాను. పైన పెద్దక్షరాలతో ‘మూడో నంబరు – ప్రమాదకరం’ అని నేనే రాసి ఉంది. ఆయన చదువుకున్నాడు. కంప్యూటర్ సార్ నా వైపు చూశాడు. “అయితే నీళ్ల సీసా...” అని ఆగిపోయాడు.

‘మీకొక్కరికే చెబుతున్నా’ అని ప్రిన్సిపాల్ ముగ్గురికీ చెప్పాడు. ముగ్గురం పిల్లల వేషాలు కట్టి, ఒకరికి ఒకరం ఎర వేసుకుని, ఒకరి మీద ఒకరం ఫైళ్లు తయారుచేశాం. ఆ అడ్డాలో నిజంగా తిరగబడదామన్నవాళ్లు ఎవరయ్యా అంటే మేమే. తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. సిగ్గుపడి ఆయన మమ్మల్ని బయటికి పంపేస్తాడనుకున్నాను.

ప్రిన్సిపాల్ శానిటైజర్ నొక్కుకున్నాడు. “పర్వాలేదు. అందరూ కష్టపడ్డారు,” అన్నాడు. “ఇది ఈ గది దాటకూడదు. అయితే యాజమాన్యానికి నేనొక పేరు పంపాలి. బిళ్లలు మాత్రం మనం ఎవరం మోయలేదు కదా. కెమెరాలో ఆయా కూతురు ఉంది.”

“ఆ ఒక్కటే ఆ పిల్ల చేసింది సార్,” అన్నాను.

“మిగతాదానికి కూడా ఒక మనిషి కావాలి మేడమ్. రెండు పేర్లు ఎక్కడ వెతుకుతాం?”

కొండను తవ్వి ఎలుకను పట్టినా ఫరవాలేదు, ఆ ఎలుకకే కొండంత నేరం కట్టబెడతాడన్నమాట. లెక్కల సార్ తన ఫైలు మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆ పిల్ల నేల తుడుస్తుంటే బోర్డు వైపు తిరిగి నిలబడ్డవాడు, ఇప్పుడు కిటికీ వైపు తిరిగాడు. నాకు అతని మీద ఉమ్మెయ్యాలనిపించింది. నేను మాత్రం ఏం చేస్తున్నాను, కూర్చునే ఉన్నాను కదా.

తల్లీకూతుళ్లను పిలిపించారు. ఆయా పని మధ్యలోంచి వచ్చింది, చీర కుచ్చిళ్లు తడిగా ఉన్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. ప్రిన్సిపాల్ ఆ పిల్ల పేరిట ముందే టైపు చేయించిన కాగితం బల్ల మీద పెట్టి, మెత్తగా చదివి వినిపించాడు. ఎవరో ఒకరు, నీళ్ల సీసా అనే పేర్లతో రాసింది నేనే. బాత్రూము సంగతి నా కల్పన. అలాంటిదేమీ జరగలేదు. బిళ్లలు తీసింది కూడా నేనే. క్షమించమని వేడుకుంటున్నాను.

“సంతకం పెడితే పరీక్ష ఫారం ఇవాళే పంపుతాను. పెట్టకపోతే టీసీ ఇవ్వాల్సి వస్తుంది. ఈ టైములో ఏ స్కూలూ చేర్చుకోదు. ఏడాది పోతుంది. చూడమ్మా, నేను మీ మంచికే చెబుతున్నా.”

ఆయా కూతురి భుజం పట్టుకుంది. “పెట్టవే తల్లీ. నీ చదువు పోతే నేను బతికీ దండగ. నా మాట విను.”

పిల్ల కాగితం మొత్తం చదివింది. “బిళ్లలు నేనే తీశాను సార్. పోస్టు కూడా నేనే రాశాను. నీళ్ల సీసా మాత్రం నేను కాదు.”

“మరి ఎవరు?”

“తెలీదు. తెలిసినా చెప్పను.”

“ఎందుకని?”

“తను లేకపోతే నేను స్కూలుకే వచ్చేదాన్ని కాదు సార్.” కాగితాన్ని ముందుకు లాక్కుని, “నేను దీని మీద సంతకం పెడితే, ఇక తన కోసం వెతకడం మానేస్తారా?” అంది.

కంప్యూటర్ సార్ దగ్గాడు. ప్రిన్సిపాల్ కళ్లు ఒక్కసారి నా మీదికి వచ్చి వెళ్లిపోయాయి. “మానేస్తాం,” అన్నాడు. “నా మాట.”

ఎంత హాయిగా అన్నాడని. పిల్ల కలం తీసుకుంది. తనకు జరిగిన అవమానం అబద్ధమని రాసివ్వడానికి, అదీ నన్ను కాపాడటానికి, వంగింది. ఇంకొక్క క్షణం ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను.

“పెట్టకమ్మా,” అన్నాను. “నీళ్ల సీసా నేనే.”

“మేడమ్, మీకు ఒంట్లో బాగున్నట్టు లేదు,” అన్నాడు ప్రిన్సిపాల్.

“నా ఒళ్లు శుభ్రంగా ఉంది సార్, బుద్ధే పాడైంది.” పిల్ల వైపు తిరిగాను. “సార్ చేరమన్నారు, చేరాను. రాసింది ఎవరో కనిపెట్టడానికి. వీళ్లిద్దరు కూడా ఉన్నారు. రబ్బరు ముక్క ఈయన. మూడో నంబరు మీ లెక్కల సార్. బిళ్లలు పొయ్యమని రాసింది నేను. నీ తప్పేం లేదు.”

ఆయాకు ఏమీ అర్థం కాలేదు. మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది. పిల్లకు మాత్రం అంతా అర్థమైంది. నా మీద అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చాలా చిన్న గొంతుతో ఒక్కటే అడిగింది.

“ఏడో తరగతిలో జరిగిందన్నారు. అదైనా నిజమేనా మేడమ్?”

అవునంటే సరిపోయేది. ఎవరు చూడొచ్చారు? ఆ పిల్లకు అదొక్కటైనా మిగిలేది. కానీ అప్పటికే ఆ పిల్లకు ఎన్ని అబద్ధాలు తినిపించామో లెక్కలేదు, మళ్లీ ఇంకొకటి నా నోటికి రాలేదు.

“లేదమ్మా. నువ్వు మాట్లాడాలని అల్లాను.”

ఆమె కలం మూత పెట్టి బల్ల మీద ఉంచింది. “అయితే సంతకం పెట్టను సార్. ఇంకెవరి కోసం పెట్టాలి?” అంది. “పదమ్మా.”

“ఉండు,” అని నేను ఆ కాగితం తీసుకుని వెనక్కి తిప్పి రాశాను. ఎవరు ఎవరికి ఏం చెప్పారో, ఏ పేరు ఎవరిదో, పదో తరగతిలో ఏం జరిగిందో, అప్పుడు బోర్డు దగ్గర ఎవరున్నారో, అన్నీ. కింద సంతకం చేసి తేదీ వేసి ఆయా చేతికిచ్చాను. “ఇది జాగ్రత్త. పరీక్ష ఫారం రేపటికి వెళ్లకపోతే తల్లిదండ్రులందరికీ చూపించు. చదివి చెప్పడానికి నేను వస్తాను.”

ప్రిన్సిపాల్ చాలాసేపు చేతులు రుద్దుకున్నాడు. సిగ్గుతో కాదు, లాభనష్టాలు చూసుకుంటూ. చివరికి “ఇంత దూరం ఎందుకు మేడమ్, పిల్ల భవిష్యత్తు మనకు ముఖ్యం కదా,” అన్నాడు. ఫారం ఆ సాయంత్రమే వెళ్లింది. నా రాజీనామా కూడా ఆ సాయంత్రమే అడిగాడు. నెలాఖరుకు రాసిచ్చాను. ‘చివరి బెంచీ’ని పిల్లలే మూసేశారు. ఎవరితో మాట్లాడుతున్నారో తెలియని చోట ఏం మాట్లాడతారు.

నా చివరి వారంలో ఆ పిల్ల లైబ్రరీకి వచ్చింది. హాల్ టికెట్ ఇవ్వాలంటే పుస్తకాలేమీ బాకీ లేవని నా సంతకం కావాలి. తొమ్మిది పుస్తకాలు బల్ల మీద పేర్చి నిలబడింది. నేను ఒక్కొక్కటీ రిజిస్టరులో కొట్టేశాను. క్షమించమని అడిగాను. ఎలా అడిగానో గుర్తులేదు, ఏవో మాటలు.

“అది అబద్ధమని అప్పుడే తెలిసుంటే, నేను మళ్లీ స్కూలుకు వచ్చేదాన్ని కాదు మేడమ్,” అంది.

రావడమే మంచిదైందని అందో, రాకపోతే బాగుండేదని అందో నాకు తెలియలేదు. అడిగే ముఖం నాకు లేదు. కాగితం మీద సంతకం చేసి అందించాను. ఆమె చెయ్యి చాపలేదు. బల్ల వైపు చూపించింది. నేను కాగితం బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాక, అక్కణ్నుంచి తీసుకుని వెళ్లిపోయింది.